పేజీకి పెట్టిన పేరు

ముగ్గుల పలకల పేజీ చూసి ఎవరో మనిషి సంధ్యారాణిని వెతుక్కుంటూ మెట్లెక్కి వచ్చాడని కిందటి వారం చదివారు. అతను ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఈలోగా, ఈ కథను ఇప్పుడే చేతికి తీసుకున్నవారి కోసం కొంచెం వెనక్కి వెళ్దాం.

సంధ్యారాణిది గిద్దలూరు. చదువయ్యాక మార్కాపురంలో ఒక జిరాక్సు దుకాణం పైగది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు తయారు చేస్తోంది. ఊళ్లో తయారయ్యే పలకలను బయటి ఊళ్లవాళ్లకు అమ్మడానికి తనదంటూ ఒక సైటు కూడా నడుపుతోంది. శ్రీశైలమ్మ రెండేళ్ల కిందట రాచర్ల వైపు పల్లెలో మొగుడి దెబ్బలు ఓర్చుకోలేక, కూతురు మౌనికను వెంటబెట్టుకుని ఎవరికీ చెప్పకుండా వచ్చేసిన మనిషి. కరుణాకరం గారి పలకల కార్ఖానాలో పని చేస్తోంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ కాసేపు నడుం వాలుస్తుంటే, ఆమె మాత్రం పక్కన పడేసిన పలకలు ఏరుకుని వాటి మీద తెల్లరంగుతో ముగ్గులు వేసుకుంటూ కూర్చునేది. సంధ్యారాణి అవి చూసి ముచ్చటపడి, ఫోటోలు తీసి, సైటులో వాటికోసం ఒక పేజీ పెట్టింది.

"నా మొకం మాత్రం యాడా కనపడగూడదక్కా" అని శ్రీశైలమ్మ అడిగింది. సంధ్యారాణి ఆ మాట తప్పలేదు. పేజీలో ఆమె చేతులే ఉన్నాయి.

వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. తల పూర్తిగా నెరిసింది. ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, ఆమె కూర్చోమన్నాకే కూర్చున్నాడు. కుర్చీని కొంచెం వెనక్కి, తలుపు దగ్గరగా జరుపుకున్నాడు. ఫ్యాను గాలి కోసమేమో అనుకుంది సంధ్యారాణి.

"మాది గిద్దలూరు పక్కన పల్లెమ్మా. బోరు బండి ఉండాది మాకు. ఇప్పుడు జనం బోరు ఏయించాలన్నా ఫోన్లోనే వెతుకుతాండారు గదా. మాకూ ఒక సైటు చేసి పెట్టాల. నీ పనితనం చూసే వచ్చినా." అతను తన ఫోను తెరిచి చూపించాడు. అందులో శ్రీశైలమ్మ ముగ్గుల పేజీ ఉంది. "ఇది కొట్టంగానే అన్నిటికన్నా పైన వచ్చినాది. అదెట్ల తెప్పించినావమ్మా?"

ఆ మాటకు సంధ్యారాణి ముఖం వెలిగింది. ఈ ఊళ్లో ఆమెను ఎవరూ అడగని ప్రశ్న అది. సైటు చేయించుకునేవాళ్లు రంగు బాగుందా, తమ ఫోటో పెద్దదిగా పడిందా అని అడుగుతారు తప్ప, దాని వెనక పని ఎవరికీ పట్టదు.

"అందులో పెద్ద రహస్యం ఏం లేదన్నా" అంది ఉత్సాహంగా. "పేజీ తయారు చేసినాక దాచేటప్పుడు ఆ ఫైలుకు ఒక పేరు పెడతాం. ఆ పేరే పైన అడ్రసులో కనపడతాది. మొదట నేను దీనికి పేజ్ సెవెన్ అని పెట్టినా. పేజ్ సెవెన్ అని కొట్టి ఎవరు వెతుకుతారు? ఒక్కరూ రాలా. మళ్లీ కూచోని, జనం ఏ మాటలు కొడతారో ఆలోచించి, ఆ మాటల్నే ఫైలుకు పేరుగా పెట్టినా. మాటకూ మాటకూ మధ్య చిన్న గీత ఉండాల. అన్నీ కలిపి రాస్తే ఏది ఏ మాటో వెతికి చూపించే సైటుకు అర్థం కాదు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. మనోళ్లు అట్లనే కొడతారు గదా?"

"అంతేనా? పేరు మారిస్తే సరిపోతాదా?"

"సరిపోదు. లోపల కూడా ఆ సంగతే ఉండాల. పెద్ద కంపెనీలు పోటీ పడే మాటలైతే ఇట్లాంటి కిటుకులతో ఏం కాదు. కానీ లోకంలో ఇంకెవరూ రాయని మాటలనుకో, అప్పుడు ఇంత చిన్న పనే మన పేజీని పైకి తెచ్చి కూచోబెడతాది."

అతను ఫోను కొంచెం దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి, అడ్రసులోని మాటలు ఒక్కొక్కటే చదివాడు. "శ్రీశైలమ్మ. పలక. ముగ్గులు. మార్కాపురం." తల ఎత్తాడు. "ఊరి పేరు దేనికి?"

"యాడి సరుకో తెలియాల గదన్నా. పలకలంటే మార్కాపురమే. ఉన్న ఊరే రాయాల్లే. లేని ఊరు రాస్తే, వచ్చినోళ్లు ఇది మనకు కావాల్సింది కాదని వెంటనే వెనక్కి పోతారు. అట్ల నలుగురు పోతే పేజీ కిందికి జారిపోతాది."

"బాగుండాది. మనిషి పేరూ అంతేనా?"

"చేసిన మనిషి పేరుంటే కొనేవాళ్లకు నమ్మకం."

అతను మెల్లగా తల ఊపాడు. మంచి పాఠం విన్నవాడిలా ఉన్నాడు. "శ్రీశైలమ్మ అని ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారమ్మా. నేను మొదట ఎస్ పక్కన హెచ్ పెట్టి కొడతాంటి. ఎవరెవరో వచ్చేటోళ్లు. మొన్న బుద్ధి పుట్టి మా రేషన్ కార్డు తీసి, అందులో ఎట్ల ఉంటే అట్ల కొట్టినా. పక్కన ముగ్గులు అని గూడా కొట్టినా. ఆమెకు ముగ్గులంటే పిచ్చి. నీ పేజీ వచ్చినాది."

సంధ్యారాణి ఇంకా నవ్వుతూనే ఉంది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే, అతనన్న మాట ఆమె లోపలికి దిగింది. మా రేషన్ కార్డు.

మౌసు మీద నుంచి చెయ్యి తీసింది.

"మీకు... ఆమె తెలుసా అన్నా?"

"మా ఇంటి మనిషే." అతని గొంతు మారలేదు. "ఏదో చిన్న మాటకు అలిగి వచ్చింది. యాడ వెతకలేదని? కంభంలో వెతికినాం, నంద్యాల పోయినాం, తిరుపతిలో హోటళ్లలో పనిచేసే ఆడోళ్లను గూడా అడిగినాం. పక్కనే మార్కాపురంలో ఉంటాదని ఎవురికి తెలుసు? నువ్వు రాయబట్టి తెలిసింది."

శ్రీశైలమ్మ తన మొగుడి గురించి ఎప్పుడూ పెద్దగా ఏమీ చెప్పలేదు. ఒక్కసారి, రంగు గిన్నె కడుక్కుంటూ రవిక చేతులు పైకి మడిచినప్పుడు, మోచేతి పైన చర్మం ముడుచుకుపోయి ఉండటం సంధ్యారాణి చూసింది. అడిగితే "సలసలకాగే చారు" అంది. అంతే. ఆ చారు పోసిన మనిషి ఇదిగో, చెప్పులు బయట విడిచి వచ్చి, అమ్మా అమ్మా అంటూ తన ఎదురుగా కూర్చున్నాడు.

"ఆమె ఇక్కడ ఉండదన్నా" అంది. "కంభంలో ఉంటాది. పలకలు బస్సులో వేసి పంపుతాది. నేను మనిషిని చూసింది గూడా లేదు."

అతను ఫోనును బల్ల మీద పెట్టి, ఆమెకు కనపడేలా ఇటు తిప్పాడు. అడ్రసులో చివరి మాట మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ మార్కాపురం అని రాసినావు గదమ్మా. లేని ఊరు రాస్తే పేజీ కిందికి జారిపోతాదని ఇప్పుడే నువ్వే చెప్తివి. నీదేం జారలేదే?"

కింద జిరాక్సు మిషన్ కాగితాలు విసిరే చప్పుడు వినిపిస్తోంది. గట్టిగా అరిస్తే దుకాణంలో వాళ్లు వస్తారు. కానీ ఏమని అరవాలి? ఆయన తనను ఒక్క మాట కూడా అనలేదు. కుర్చీ తలుపుకు అడ్డంగా ఉంది, అంతే.

"పోలీసులకు చెప్తా" అంది చివరికి.

"చెప్పు తల్లీ. నేనేం చేసినా? సైటు చేయించుకుందామని వచ్చినా." అతను తువ్వాలు దులుపుకుని లేచాడు. "భయపడొద్దు. కొట్టడానికి, తిట్టడానికి రాలా. మా ఇంటి మనుషుల్ని మా ఇంటికి తీసకపోదామని వచ్చినాం. యాడుండాదో నువ్వు చెప్పకపోయినా ఏం కాదులే. వెతుక్కుంటాం."

కుర్చీని మళ్లీ ఉన్నచోటికి జరిపి మరీ వెళ్లాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు నింపాదిగా దిగిపోయింది.

సంధ్యారాణి మొదట చేసిన పని ఆ పేజీ తీసేయడం. తొందరలో రెండుసార్లు వేరే ఫైలు మీద నొక్కింది. తీసేశాక తన ఫోనులో వెతికి చూసింది. పేజీ తెరుచుకోలేదు కానీ, వెతికినచోట ఆ పేరు, ఆ ఊరు అన్నిటికన్నా పైన అలాగే ఉన్నాయి. తీయించమని అర్జీ పెట్టొచ్చు. అది పోవడానికి టైము పడుతుంది. కొన్ని వారాల కిందట ఆ వరస పైకి ఎక్కినప్పుడు ఆమె ఒక్కతే గదిలో చప్పట్లు కొట్టుకుంది. ఇప్పుడు అదే వరసను చూడలేక ఫోను బోర్లించింది.

శ్రీశైలమ్మకు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రాయి కోసే మిషన్లు నడుస్తుంటే కార్ఖానాలో పక్క మనిషి మాటే వినపడదు, ఇంక సంచిలో ఉన్న ఫోను ఏం వినపడుతుంది! పని మీద ఒంగోలు వెళ్లిన కరుణాకరం గారికి చేస్తే ఫోను కలవలేదు. మళ్లీ శ్రీశైలమ్మకు. మళ్లీ. ఇంక కూర్చోలేక గదికి తాళం వేసి కిందికి పరుగెత్తింది.

దుకాణం ముందు ఏబేలు ఆటో ఆగి ఉంది. ఆమె పార్సెళ్లు రైల్వే స్టేషనుకు తీసుకెళ్లేది అతనే.

"ఏందమ్మా, ఎవురికన్నా ఒళ్లు బాగలేదా?"

"పలకల కార్ఖానాల కాడికి పోనియ్యన్నా. జల్దీ పోనియ్."

ఆటో సందులోంచి పెద్ద రోడ్డుకు ఎక్కింది. కూరగాయల బండ్లు దాటింది. సంధ్యారాణి ఫోను చెవికి ఆనించుకునే, ఎందుకో తల ఎత్తి ముందున్న అద్దంలోకి చూసింది. వెనక ఒక బైకు వస్తోంది. నెరిసిన తల. భుజాన తువ్వాలు. తొందర లేదు అతనికి. ఆటో ఎంత వేగంగా పోతే అంత వేగంగా, ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ నెమ్మదిగా.

అప్పుడర్థమైంది ఆమెకు. శ్రీశైలమ్మ ఎక్కడుంటుందని అతను గట్టిగా ఒక్కసారి కూడా అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. భయపెట్టి వదిలేస్తే, దారి తనే చూపిస్తుందని తెలుసు. తను చూపిస్తోంది కూడా.

"అన్నా, తిప్పు!"

"యాడికమ్మా?"

"యాడికైనా. కార్ఖానా దారి మాత్రం వద్దు."

ఏబేలు అద్దంలో చూశాడు. చూసి, ఇంకేమీ అడగకుండా హారను కొడుతూ ఎదురుగా వచ్చే బస్సు ముందు నుంచే ఆటోను మళ్లించాడు. బస్సు డ్రైవరు తిట్టాడు. కాసేపు అద్దం ఖాళీగా ఉంది. సంధ్యారాణి ఊపిరి పీల్చుకునేలోపు బైకు మళ్లీ కనిపించింది.

"పోలీసు స్టేషన్ కాడికి పోనియ్యనా?"

"పోనియ్."

స్టేషను ముందు ఆటో ఆగితే బైకు కూడా ఆగింది, రోడ్డుకు అవతల, చెరకురసం బండి పక్కన నీడలో. అతను స్టాండు వేసి, గ్లాసుడు రసం చెప్పి, ఫోను తీసి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. పోలీసు స్టేషను ఎదురుగా ఉన్నందుకు ఆ మనిషిలో బెదురన్నదే లేదు. సంధ్యారాణి స్టేషను మెట్టు మీద కాలు పెట్టబోతుంటే చేతిలో ఫోను మోగింది.

శ్రీశైలమ్మ.

"ఏందక్కా ఇన్నిసార్లు చేసినావు? మిషన్ మోతలో వినపళ్లా."

"శ్రీశైలా, నేను చెప్పేది విను. నీ మొగుడు వచ్చినాడు."



"యాడికి?" అన్న మాట చాలా చిన్నగా వచ్చింది.

"నా దగ్గరికి. నువ్వు ఏ కార్ఖానాలో ఉండేదీ ఆయనకు తెలీదు. నా ఎనకాల వచ్చినాడు గానీ, నేను అటు రాకుండా స్టేషన్ కాడికి వచ్చేసినా. నువ్వు బయటికి రావద్దు."

"ఆయనకు నీ దగ్గరికి రావాలని ఎట్ల తెలిసిందక్కా?"

చెప్పక తప్పదు. "పేజీకి నీ పేరు పెట్టినా. పైన అడ్రసులో. నీ పేరు, ఊరి పేరు. అట్ల పెడితేనే వెతికేటోళ్లకు కనపడతాదని మార్చినా. నీకు చెప్పలా."

"మొకం దాచి పేరు రాస్తివా?"

అరిచి తిట్టినా బాగుండేది. శ్రీశైలమ్మ అరవలేదు.

"తప్పయింది శ్రీశైలా. ఇప్పుడు తీసేసినా."

"ఆయన చూసేసినాక తీసి ఏం లాభం? ఇంకేం పెట్టినావు దాంట్లో?"

"ఇంకేం లేదు." అనేశాక గుర్తొచ్చింది. "మౌనిక ఫోటో ఒకటి. పలక పట్టుకొని బడికి పోతాండేది. మొకం కనపడదు, ఎనక నుంచి తీసినా."

"ఎనక నుంచి తీస్తే సంచి కనపడతాది."

అవును. సంచి కనపడుతుంది. దాని మీద బడి పేరు అచ్చేసి ఉంటుంది. ఆ ఫోటో ఫైలుకు కూడా సంధ్యారాణి చక్కగా పేరు పెట్టింది, మధ్యలో గీతలతో సహా. మౌనిక, పలక, మార్కాపురం.

"భయపడొద్దు" అంది, ఆ మాట తనకే చెప్పుకుంటున్నట్టు. "ఆయన యాడికీ పోలా. నాకు ఎదురుగానే ఉండాడు. చెరకురసం తాగుతాండాడు. ఆ నెరిసిన తల నాకు కనపడతానే ఉండాది."

"నెరిసిన తలా?"

"అవును, ఆ పెద్దాయన..."

"అక్కా!" శ్రీశైలమ్మ గొంతు మారిపోయింది. "నా మొగుడు వీరేంద్రకు ముప్పై అయిదు గూడా లేవు. తల నల్లగా ఉంటాది. నువ్వు చూస్తాండేది మా బావను, వీరేంద్ర అన్నను. నిత్యానందం. ఆ పొద్దు నన్ను కొడతాంటే బయటి నుంచి తలుపుకు గొళ్లెం పెట్టింది ఆయనే. ఆయన ఒక్కడే రాడక్కా. అన్నదమ్ములు ఏ పనికైనా ఇద్దరూ పోతారు."

అదే సమయంలో ఫోనులో వెనక నుంచి మరో ఆడమనిషి గొంతు వినిపించింది. కార్ఖానాలో అందరికన్నా పాత మనిషి, పాపమ్మ. "శ్రీశైలమ్మా! గేటు కాడ ఎవురో వచ్చినాడే. ఫోన్లో నీ ముగ్గు చూపించి, ఇది ఏసినామె ఈడుండాదా అంటాండాడు."

"గేటు తీయొద్దత్తా! గడి పెట్టు, గడి పెట్టు!" శ్రీశైలమ్మ అటు తిరిగి అరిచి, మళ్లీ ఫోనులోకి వచ్చింది. ఊపిరి ఎగపోస్తోంది కానీ మాట తడబడలేదు. "ఈడ ఇంతమంది ఆడోళ్లం ఉండాం. నా సంగతి నేను చూసుకుంటా. నువ్వు బడికి పో. పిల్లను నీ చేతుల్లోకి తీసుకో. నేను పోతే పీడ పోయిందని నా మొగుని తల్లి ఎప్పుడో అన్నది. వాళ్లు వచ్చింది నాకోసం కాదు."

ఫోను తెగిపోయింది.

సంధ్యారాణి స్టేషనులోకి పరుగెత్తింది. బల్ల దగ్గర ఒక మహిళా కానిస్టేబులు ఏదో రాసుకుంటోంది. ఎక్కడ మొదలుపెట్టిందో, ఏం చెప్పిందో సంధ్యారాణికే తెలియదు. కరుణాకరం గారి కార్ఖానా అంది, గేటు దగ్గర మనిషి అంది, చిన్నపిల్ల అంది, బడి పేరు చెప్పింది. కానిస్టేబులు మధ్యలోనే పెన్ను పక్కన పడేసి లేచింది. లోపలికి తిరిగి జీపు తీయమని కేక వేసింది. "కార్ఖానాకు వాళ్లు పోతారు. నేను నీతో బడికి వస్తా. పద."

ఇద్దరూ బయటికి వచ్చారు. ఏబేలు అప్పటికే ఆటో స్టార్టు చేసి, రోడ్డు మీదికి తిప్పి పెట్టాడు. సంధ్యారాణి ఎక్కబోతూ ఎదుటివైపు చూసింది.

నీడలో బైకు లేదు. చెరకురసం బండి మీద సగం తాగిన గ్లాసు ఉంది.

ఆమె రోడ్డుకు అడ్డంపడి అవతలికి పరుగెత్తింది. "ఇప్పుడు ఇక్కడ ఉన్నాయన, తువ్వాలు వేసుకున్నాయన, ఎటు పోయినాడు?"

రసం బండాయన చెరకు పిప్పి తీసి పక్కన పడేస్తూ తాపీగా చెప్పాడు. "ఫోన్లో ఒక పిల్ల ఫోటో తీసి, సంచి మీద బడి పేరు చూపించి దగ్గర దారి యాడని అడిగినాడమ్మా. తమ్ముడి కూతురంట. బడి ఇడిచే లోపల పోయి ఎక్కించుకోవాలంట. చెప్పి పంపించినా."